ట్రాక్‌బాల్ మౌస్ చేతికి కుదరడం లేదా? నొప్పి పుట్టే చోటును బట్టి కారణం, పరిష్కారం

ట్రాక్‌బాల్‌లో మౌస్ కదలదు. దాని మీది బంతిని వేలితో దొర్లిస్తే తెర మీద పాయింటర్ కదులుతుంది. చెయ్యి గంటల తరబడి ఒకే భంగిమలో ఉండిపోతుంది కాబట్టి, మౌస్ ఆకారంలో ఏ కొంచెం తేడా ఉన్నా ఆ భారమంతా ఒకే కీలు మీద పడుతుంది. అందుకే నొప్పి ఎక్కడ పుడుతోందో గమనిస్తే, ఏ కొలత కుదరలేదో చాలావరకు తెలిసిపోతుంది. ముందుగా అరచేతిని కాగితం మీద పరిచి, మణికట్టు ముడత నుంచి మధ్యవేలి కొస దాకా స్కేలుతో కొలిచి రాసుకోండి. ఉజ్జాయింపుగా 17 సెంటీమీటర్ల లోపు ఉంటే చిన్న చెయ్యి అనీ, 19 దాటితే పెద్ద చెయ్యి అనీ అనుకోవచ్చు.

సమస్య: పాయింటర్ ఆగి ఆగి కదులుతోంది, బంతి బిగుసుకుంటోంది

ఇది చేతి కొలతకు సంబంధించినది కాదు. బంతి కింద ఉండే మూడు చిన్న బేరింగుల దగ్గర దుమ్ము, చర్మపు జిడ్డు పేరుకుపోవడమే దీనికి కారణం. బంతిని బయటికి తీసి, ఆ మూడు చోట్లనూ పొడి గుడ్డతో తుడవండి. చాలా మోడళ్లలో మౌస్ అడుగున ఉన్న రంధ్రంలోంచి పెన్సిల్‌తో నెడితే బంతి వచ్చేస్తుంది. బంతి బిగుసుకుంటే వేలు తెలియకుండానే ఎక్కువ బలం పెడుతుంది కాబట్టి, కొలతల జోలికి వెళ్లే ముందు ఈ పని తప్పక చేయాలి.

సమస్య: బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి

అందరికంటే ఎక్కువగా ఇబ్బంది పడేది బొటనవేలితో తిప్పే మోడళ్లు వాడేవారే. లాజిటెక్ ఎం575, ఎంఎక్స్ ఎర్గో ఈ రకానివి. రెండింటిలోనూ బంతి 34 మిల్లీమీటర్లే. అరచేతిని మౌస్ మీద పూర్తిగా ఆనించి, వేళ్లను వదులుగా ఉంచి, బొటనవేలు బంతి మీద ఎక్కడ పడుతోందో చూడండి. వేలి కొస మాత్రమే తగులుతూ, బంతిని అందుకోవడానికి అరచేయి ముందుకు జారుతుంటే మౌస్ మీ చేతికి పెద్దది. వేలు కొక్కెంలా వంగి వెనక్కి లాగాల్సి వస్తుంటే చిన్నది. కొంచెం మాత్రమే వంగిన వేలి మెత్తని భాగం బంతి నడిమికి రావడం సరైన అమరిక.

ఇక్కడ మధ్యవేలి పొడవు కంటే బొటనవేలి పొడవే ముఖ్యమని నా అభిప్రాయం. అరచేయి పెద్దదై బొటనవేలు పొట్టిగా ఉన్నవారు చేతి కొలత ఒక్కటే చూసి కొంటే నిరాశ తప్పదు. పై రెండు మోడళ్లూ సైజులో దాదాపు సమానమే కాబట్టి, ఒకటి పెద్దదైందని రెండోది కొనడం వల్ల ప్రయోజనం ఉండదు. ఎంఎక్స్ ఎర్గోను 20 డిగ్రీల వాలులో పెట్టుకోవచ్చు గనుక ముంజేయి మెలిక కొంత తగ్గుతుందే తప్ప, బొటనవేలి పని తగ్గదు. నొప్పి ఇప్పటికే మొదలై ఉంటే ఈ రకాన్ని పూర్తిగా వదిలేసి, చూపుడు, మధ్యవేళ్లతో తిప్పే మోడల్‌కు మారడమే మేలు.

పాయింటర్ తెర ఈ చివర నుంచి ఆ చివరకు చేరడానికి బంతిని పదే పదే తిప్పాల్సి వస్తుంటే, సెట్టింగులలో పాయింటర్ వేగం పెంచండి. ఖర్చు లేకుండా వేలి శ్రమ తగ్గించే మార్గం ఇదే.

సమస్య: మణికట్టు పైభాగంలో, ముంజేతిలో లాగుడు

వేళ్లతో తిప్పే పెద్ద మోడళ్లు ఎత్తుగా ఉండటం వల్ల మణికట్టు పైకి వంగుతుంది. కెన్సింగ్టన్ ఎక్స్‌పర్ట్ మౌస్‌లో బంతి 55 మిల్లీమీటర్లు. దానితో వచ్చే మణికట్టు దిండును తీసి పక్కన పెట్టేవారికి ఈ నొప్పి వచ్చే అవకాశం ఎక్కువ. దిండు తిరిగి అమర్చి, పక్క నుంచి చూస్తే ముంజేయి, చేతి వెనుక భాగం ఒకే గీతలో ఉండేలా కుర్చీ ఎత్తు సరిచేయండి. భోజనాల బల్ల మీద పని చేసేవారు ముఖ్యంగా చూసుకోవాల్సింది ఈ ఎత్తే. చిన్న చేతులవారికి 40 మిల్లీమీటర్ల బంతి ఉన్న కెన్సింగ్టన్ ఆర్బిట్ వంటి చిన్న మోడల్ నయం. పెద్ద చేతులవారికి ఎలికామ్ హ్యూజ్ బాగా నప్పుతుంది. 52 మిల్లీమీటర్ల బంతితో పాటు, అరచేయి మొత్తం ఆనేంత వెడల్పైన మెత్తని ఆధారం దానికి ఉంది.

సమస్య: భుజం నొప్పి

కీబోర్డుకు కుడివైపున్న అంకెల మీటల వల్ల మౌస్ దూరమై, చెయ్యి పక్కకు చాచాల్సి వస్తుంది. ఆ మీటలు లేని కీబోర్డు వాడండి, లేదా మౌస్‌ను ఎడమచేతికి మార్చండి. ఎక్స్‌పర్ట్ మౌస్, ఆర్బిట్ రెండు చేతులకూ పనికొస్తాయి; బొటనవేలి మోడళ్లు మాత్రం ఎక్కువగా కుడిచేతికే తయారవుతాయి.

సమస్య: అలసటా, తిమ్మిరా?

కొత్త మౌస్‌తో మొదటి రోజుల్లో వేళ్లు అలసిపోవడం సహజం. అలవాటయ్యే కొద్దీ అది తగ్గిపోతుంది. తగ్గకుండా పెరుగుతుంటే, తిరిగి ఇచ్చే గడువు దాటకముందే మౌస్‌ను వాపసు చేయండి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రి నిద్రలో మెలకువ వస్తుంటే అది నరం మీద ఒత్తిడి కావచ్చు కాబట్టి, మరో మోడల్ వెతకడం ఆపి ఎముకల వైద్యునికి చూపించండి.