లోడ్ సెల్‌తో డిజిటల్ ఫోర్స్ ఇండికేటర్: అమరిక, వాడకం

విశాఖపట్నం ఆటోనగర్, గాజువాక ప్రాంతాల్లోని ఫ్యాబ్రికేషన్ షెడ్లలో వైర్ రోప్ స్లింగులనూ, టర్న్‌బకిల్‌లనూ, చైన్ పుల్లీ బ్లాకులనూ బరువుకు లాగి పరీక్షించే పని తరచుగా ఉంటుంది. హైడ్రాలిక్ జాకీ మీది ప్రెజర్ గేజ్‌ను చూసి లాగుడు బలాన్ని లెక్కగట్టే పద్ధతి ఇప్పటికీ కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఆ గేజ్ చూపేది జాకీలోని ఆయిల్ ఒత్తిడిని మాత్రమే. సీళ్ల రాపిడి, పిస్టన్ పక్కకు ఒరగడం వంటి కారణాల వల్ల ఆ ఒత్తిడికీ, స్లింగు మీద నిజంగా పడే బలానికీ తేడా వస్తుంది. స్లింగుకు వరుసలో ఒక లోడ్ సెల్‌ను, అంటే తన మీద పడిన బలాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరాన్ని, బిగించి, దాన్ని డిజిటల్ ఇండికేటర్‌కు కలిపితే ఈ చిక్కు తీరుతుంది. అయితే ఇండికేటర్ మీద అంకె స్పష్టంగా వెలుగుతున్నంత మాత్రాన అది సరైన అంకె అయిపోదు. సెల్‌ను బిగించిన తీరు, తీగలు కలిపిన తీరు, మెనూలో పెట్టిన విలువలు, ఈ మూడూ సరిపోయినప్పుడే దాన్ని నమ్మవచ్చు. ఇక్కడ ఉదాహరణగా 50 కిలోన్యూటన్ల ఎస్ టైప్ (ఎస్ అక్షరం ఆకారంలో ఉండే) సెల్‌ను, ఒక చివర జాకీ, మరొక చివర కదలని స్తంభం ఉన్న టెస్ట్ బెంచిని తీసుకుందాం.

లోడ్ సెల్ లోపల ఉక్కు లేదా అల్యూమినియం దిమ్మకు నాలుగు స్ట్రెయిన్ గేజ్‌లు (సాగినా నలిగినా నిరోధం మారే పలుచని రేకులు) అతికించి, వాటిని వీట్‌స్టోన్ బ్రిడ్జిగా, అంటే నాలుగు భుజాల వలయంగా, కలుపుతారు. బలం పడినప్పుడు దిమ్మ కంటికి కనిపించనంత స్వల్పంగా సాగుతుంది లేదా నలుగుతుంది, దానితో గేజ్‌ల నిరోధం మారి బ్రిడ్జి నుంచి చిన్న వోల్టేజీ వెలువడుతుంది. సెల్ సున్నితత్వం, అంటే పూర్తి బలం దగ్గర సెల్‌కు అందించిన ఒక్కొక్క వోల్టుకు వెలువడేది, 2 మిల్లీవోల్టులు అనుకుంటే, ఇండికేటర్ 10 వోల్టుల ఎక్సైటేషన్ (బ్రిడ్జిని నడిపే వోల్టేజీ) ఇచ్చినప్పుడు పూర్తి 50 కిలోన్యూటన్లకు వచ్చేది 20 మిల్లీవోల్టులే. తెరపై అంకె 10 న్యూటన్ల చొప్పున మారేలా పెట్టుకుంటే మొత్తం 5000 విభాగాలు అవుతాయి, అంటే ఒక్కొక్క విభాగానికి 4 మైక్రోవోల్టులు. ఇకపై చెప్పబోయే జాగ్రత్తలన్నీ ఎందుకో ఈ ఒక్క లెక్కే చెబుతుంది. అంకె ఒక్కొక్క న్యూటన్ చొప్పున మారాలని ఆశపడి 50,000 విభాగాలు పెట్టుకునేవారు కొలతను మెరుగుపరచుకోరు, చివరి అంకె నిరంతరం ఆడుతూ ఉండటాన్ని కొనితెచ్చుకుంటారు.

సామర్థ్యం ఎంచుకునేటప్పుడు సాధారణంగా పడే గరిష్ఠ బలం సెల్ రేటింగులో సగానికి పైన, ఎనభై శాతానికి లోపల ఉండేలా చూసుకోవడం మంచిది. చాలా సెల్‌లు రేటింగుకు 150 శాతం వరకు దెబ్బతినకుండా తట్టుకుంటాయి కానీ, అది నెమ్మదిగా పెరిగే బలానికి వర్తించే మాట. తెగేదాకా లాగే పరీక్షల్లో కుదుపు ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకా పెద్ద సెల్ తీసుకోవాలి.

బిగించే ముందు మల్టీమీటర్‌తో సెల్‌ను ఒకసారి పరిశీలించి, వచ్చిన విలువలను రాసి పెట్టుకోవాలి. 350 ఓమ్ బ్రిడ్జి అయితే రెండు సిగ్నల్ తీగల మధ్య సుమారు 350 ఓమ్‌లు ఉండాలి. రెండు ఎక్సైటేషన్ తీగల మధ్య, లోపల కలిపిన సవరణ నిరోధాల వల్ల, సాధారణంగా అంతకన్నా కొంత ఎక్కువగా 400కు దగ్గర్లో ఉంటుంది. తీగలకూ సెల్ లోహానికీ మధ్య ఇన్సులేషన్ కొత్త సెల్‌లో వేల మెగాఓమ్‌లలో ఉండాలి, కానీ మోటార్లకు వాడే 500 వోల్టుల మెగ్గర్‌ను (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్‌ను) దీనికి ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. ఆ వోల్టేజీకి గేజ్‌ల కింది పలుచని పొర చెడిపోతుంది. 50 వోల్టులకు మించని పరికరంతోనే చూడాలి.

బిగింపు దగ్గరే ఎక్కువ కొలతలు చెడిపోతాయి. ఎస్ టైప్ సెల్ తన నడిమి గీత వెంట నిటారుగా పడే బలాన్ని మాత్రమే సరిగా కొలుస్తుంది. పక్కకు లాగినా, మెలిపెట్టినా అంకె తప్పుతుంది, ఆ తప్పు ఎంతో చెప్పడానికి ఇండికేటర్ దగ్గర ఏ ఆధారమూ ఉండదు. అందుచేత రెండు చివరలా గోళాకార బేరింగు ఉన్న రాడ్ ఎండ్‌లనే వాడాలి, లేదా ఒకదానికొకటి అడ్డంగా తిరిగే రెండు డీ షాకిళ్ల ద్వారా లాగాలి. కేబుల్ బయటికి వచ్చే సగభాగం కదలని స్తంభం వైపు ఉండాలి, అప్పుడు జాకీ కదిలినప్పుడల్లా కేబుల్ లాగుడు సెల్ మీద పడదు. మర పూర్తిగా లోపలికి ఎక్కాలి. లాక్ నట్టు బిగించేటప్పుడు మర ఉన్న వైపు దిమ్మనే స్పానర్‌తో పట్టుకోవాలి. సెల్ రెండో చివరను పట్టుకుని ఈ చివరను బిగిస్తే మెలి అంతా గేజ్‌లున్న సన్నని భాగం గుండా పోతుంది. సెల్‌కు ఆసరాగా ఉండాలని పక్కన ఏదైనా పట్టీగానీ గైడుగానీ తగిలిస్తే, బలంలో కొంత ఆ దారిలో వెళ్లిపోతుంది, సెల్ తక్కువ చూపుతుంది. బెంచి బిగించాక సెల్ చుట్టూ ఒక కాగితాన్ని తిప్పి చూసి, అది ఎక్కడా ఇరుక్కోకపోతే సెల్ దేనినీ తాకడం లేదని నిర్ధారించుకోవచ్చు.

తీగల రంగుల విషయంలో అలవాటును నమ్మకుండా సెల్‌తో వచ్చిన ధ్రువపత్రాన్నే చూడాలి. ఎరుపు, నలుపు ఎక్సైటేషన్‌కూ, ఆకుపచ్చ, తెలుపు సిగ్నల్‌కూ వాడటం ఎక్కువగా కనిపించే పద్ధతే అయినా, తయారీదారులందరూ దాన్ని పాటించరు. నాలుగు తీగల సెల్ అయితే దాని కేబుల్‌తో సహా ఫ్యాక్టరీలో క్యాలిబ్రేట్ చేసి పంపుతారు కాబట్టి ఆ కేబుల్‌ను కోయకూడదు, పొడిగించనూ కూడదు. 0.22 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీటరుకు సుమారు 0.08 ఓమ్ నిరోధం కలిగి ఉంటుంది. పది మీటర్లు పొడిగిస్తే రానూపోనూ కలిపి 1.6 ఓమ్‌లు చేరి, 400 ఓమ్‌ల బ్రిడ్జికి అందే వోల్టేజీ దాదాపు 0.4 శాతం తగ్గుతుంది. ఇండికేటర్ దూరంగా ఉండక తప్పదనుకుంటే ఆరు తీగల పద్ధతి వాడాలి. అందులోని రెండు సెన్స్ తీగలు సెల్ దగ్గర నిజంగా ఎంత వోల్టేజీ అందుతోందో ఇండికేటర్‌కు తెలియజేస్తాయి, అది తన లెక్కను సవరించుకుంటుంది. ఆరు తీగల ఇండికేటర్‌కు నాలుగు తీగల సెల్‌ను కలిపేటప్పుడు సెన్స్ టెర్మినళ్లను ఎక్సైటేషన్ టెర్మినళ్లకు చిన్న తీగ ముక్కలతో కలపాలి. ఇది మరచిపోతే తెరపై ఎర్రర్ వస్తుంది, లేదా అర్థం లేని అంకె కనిపిస్తుంది.

షీల్డును (కేబుల్‌లో తీగల చుట్టూ ఉండే లోహపు పొరను) ఒక్క చివరనే, సాధారణంగా ఇండికేటర్ దగ్గర, ఎర్త్‌కు కలపాలి. రెండు చివరలా కలిపితే షీల్డు గుండానే ప్రవాహం నడిచి 50 హెర్ట్జ్ రొద సిగ్నల్‌లోకి చేరుతుంది. మోటారు తీగలనూ, మోటారు వేగాన్ని మార్చే డ్రైవుల తీగలనూ సెల్ కేబుల్‌తో ఒకే పైపులో నడపకూడదు, దాటక తప్పని చోట లంబకోణంలో అడ్డంగా దాటించాలి. ఫ్యాబ్రికేషన్ షెడ్డులో వీటన్నిటికన్నా పెద్ద ప్రమాదం వెల్డింగ్. బెంచి ఫ్రేము మీద ఎక్కడైనా వెల్డ్ చేస్తూ ఎర్త్ క్లాంపును సెల్‌కు అవతలి వైపు తగిలిస్తే ఆ కరెంటు సెల్ గుండానే తిరిగి వస్తుంది, ఒక్క క్షణంలో గేజ్‌లు పోతాయి. వెల్డింగ్‌కు ముందు సెల్‌ను విప్పి పక్కన పెట్టడమే ఉత్తమం. అది కుదరనప్పుడు కేబుల్‌ను ఇండికేటర్ నుంచి ఊడదీసి, సెల్ రెండు చివరలను మందపాటి రాగి అల్లికతో కలిపి ఉంచాలి.

ఇక ఇండికేటర్ మెనూ. పరిధి 50.00 కిలోన్యూటన్లు, విభాగం 0.01 అని పెట్టి, ధ్రువపత్రంలో ఉన్న సున్నితత్వాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించాలి. పత్రంలో 2.003 అని ఉంటే 2 అని గుండుగా రాయకూడదు, ఆ తేడా ఒక్కటే 0.15 శాతం అవుతుంది. మన షెడ్లలో చాలామంది కాటాలకు వాడే వెయింగ్ ఇండికేటర్‌నే బలం కొలవడానికీ వాడుతుంటారు. అది తప్పేమీ కాదు గానీ, అందులోని జీరో ట్రాకింగ్‌ను మాత్రం తప్పక ఆపివేయాలి. కాటా మీద పేరుకునే దుమ్మును లెక్కలోకి రానీయకుండా, సున్నా దగ్గర నెమ్మదిగా జరిగే మార్పును తనంతట తానే సున్నాగా మార్చుకోవడం దాని పని. జాకీతో నిదానంగా బలం పెంచుతున్నప్పుడు అదే సదుపాయం మొదటి కొంత బలాన్ని చడీచప్పుడు లేకుండా మింగేస్తుంది. కరెంటు రాగానే సున్నా చేసుకునే సదుపాయాన్ని కూడా ఆపాలి, ఎందుకంటే స్లింగు బిగువుగా ఉన్న వేళ కరెంటు పోయి వస్తే, ఉన్న బలాన్నే అది సున్నాగా తీసుకుంటుంది.

బరువులతో సరిచూసేటప్పుడు విశాఖలో గుర్తుంచుకోవలసిన ఒక సంగతి ఉంది. గురుత్వ త్వరణానికి ప్రామాణికంగా తీసుకునే 9.80665 విలువ అన్ని చోట్లా వర్తించదు, భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ అది తగ్గుతుంది. 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్న మన ఊళ్లో అది సుమారు 9.785. కాబట్టి 500 కిలోల బరువులను సెల్‌కు వేలాడదీస్తే ఇక్కడ పడే బలం 4892 న్యూటన్లు, పుస్తకం లెక్క ప్రకారం వచ్చే 4903 కాదు. తేడా 0.22 శాతమే అయినా, 4903 అని ఎక్కించి స్పాన్ (సిగ్నల్‌ను బలంగా మార్చే నిష్పత్తి) సరిచేస్తే 50 కిలోన్యూటన్ల దగ్గర ఇండికేటర్ సుమారు 110 న్యూటన్లు ఎక్కువ చూపుతుంది. అదీగాక 50 కిలోన్యూటన్ల సెల్‌కు 500 కిలోలు పదో వంతు మాత్రమే. అక్కడ ఒక విభాగం పొరపాటు పడితే పై చివరకు వచ్చేసరికి అది పదింతలవుతుంది. అందువల్ల స్పాన్‌ను ధ్రువపత్రం విలువతోనే పెట్టి, బరువులను సరిచూడటానికే వాడటం సరైన పద్ధతి అని నా అభిప్రాయం. పరీక్షల ఫలితాలపై సర్టిఫికెట్లు ఇవ్వవలసిన వారు సెల్‌నూ ఇండికేటర్‌నూ జంటగా ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబులో క్యాలిబ్రేట్ చేయించుకోవాలి, ఆ తర్వాత వాటిని విడదీయకూడదు. ఈ పనికి వర్తించే ప్రమాణం ఐఎస్‌ఓ 376.

వాడే రోజున ఇండికేటర్‌ను అరగంట ముందుగా ఆన్ చేయాలి. సెల్‌ను పూర్తి బలం వరకు మూడుసార్లు లాగి వదిలాక, ఏ బలమూ లేనప్పుడు సున్నా పెట్టాలి. సున్నాకూ టేర్‌కూ తేడా తెలిసి వాడాలి. షాకిళ్లు, హుక్కుల బరువును టేర్‌తో తీసివేస్తే తెర సున్నా చూపుతుంది గానీ, ఆ బరువు సెల్ మీద ఉండనే ఉంటుంది, దాని సామర్థ్యంలో అంత మేర తగ్గినట్టే. తెగిపోయే పరీక్షకు పీక్ హోల్డ్ (వచ్చిన అత్యధిక బలాన్ని తెరపై పట్టి ఉంచే సదుపాయం) కావాలి. ఇక్కడ ఇండికేటర్ సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందన్నది కీలకం. బలం సెకనుకు 10 కిలోన్యూటన్ల చొప్పున పెరుగుతుండగా సెకనుకు పదిసార్లే కొలిస్తే, రెండు కొలతల నడుమ ఒక కిలోన్యూటన్ తేడా ఉంటుంది, శిఖరం ఆ ఖాళీలో జారిపోవచ్చు. సెకనుకు కొన్ని వందల కొలతలు తీసుకునే ఇండికేటర్‌ను ఎంచుకుని, ఫిల్టర్‌ను (అంకె ఆడకుండా కొలతలను సగటు చేసే సదుపాయాన్ని) బాగా తగ్గించి ఈ పరీక్ష చేయాలి. కాంక్రీటు క్యూబులను నలిపే యంత్రానికి బిగించినప్పుడు మాత్రం పెంచే వేగం ముఖ్యం. నిమిషానికి చదరపు మిల్లీమీటరుకు 14 న్యూటన్ల చొప్పున అంటే, 150 మిల్లీమీటర్ల క్యూబుకు సెకనుకు 5.25 కిలోన్యూటన్లు. పరీక్ష ఏదైనా, లాగుతున్న స్లింగుకు నేరుగా ఎదురుగా ఎవరూ నిలబడకూడదు, ఇండికేటర్‌ను బెంచికి పక్కగా, జాలీ వెనుక ఉంచాలి.

ఒకటికి మించి సెల్‌లు ఉంటే జంక్షన్ బాక్సులో వాటిని సమాంతరంగా కలుపుతారు. నాలుగు 350 ఓమ్ సెల్‌లు కలిస్తే 87.5 ఓమ్‌లవుతాయి, 10 వోల్టుల దగ్గర సుమారు 114 మిల్లీఆంపియర్లు కావాలి. అంత ఇవ్వగలదో లేదో ఇండికేటర్ పుస్తకంలో ముందే చూసుకోవాలి.

సముద్రపు గాలి ఈ పరికరాలకు నిదానంగా పనిచేసే శత్రువు. ఉప్పుతేమ కనెక్టరులోకి చేరితే ఇన్సులేషన్ తగ్గి, పొద్దున ఒక సున్నా, మధ్యాహ్నం ఇంకొక సున్నా కనిపిస్తాయి. దుమ్ము, నీరు చొరబడకుండా కాపాడే స్థాయి ఐపీ 67కు తక్కువ కాని స్టెయిన్‌లెస్ స్టీల్ సెల్‌ను తీసుకోవడం, జంక్షన్ బాక్సు గ్లాండ్లు కిందికి చూసేలా బిగించడం, లోపల సిలికా జెల్ సంచిని ఉంచి వానాకాలం ముందు మార్చడం అవసరం. బెంచి ఆరుబయట ఉంటే సెల్‌కు ఒకవైపే ఎండ తగలకుండా నీడ కల్పించాలి.

అంకె మీద అనుమానం వచ్చినప్పుడు త్వరగా తేల్చుకోవడానికి ఒక నిరోధం చాలు. ఏ బలమూ లేనప్పుడు ప్లస్ ఎక్సైటేషన్‌కూ ప్లస్ సిగ్నల్‌కూ మధ్య 100 కిలోఓమ్‌ల కచ్చితమైన నిరోధాన్ని తగిలిస్తే, 350 ఓమ్ బ్రిడ్జి వోల్టుకు 0.873 మిల్లీవోల్టులు ఇస్తుంది, మన సెల్‌కు తెరపై సుమారు 21.8 కిలోన్యూటన్లు కనిపించాలి. లోపలి సవరణ నిరోధాల వల్ల కొంచెం అటూఇటూ ఉంటుంది కాబట్టి, అమర్చిన రోజునే వచ్చిన అంకెను బెంచి రిజిస్టరులో రాసుకోవాలి. తర్వాత ఎప్పుడు చూసినా అదే అంకె వస్తే ఇండికేటరూ, తీగలూ బాగున్నట్టే. అప్పుడు వెతకవలసింది బిగింపులో. ఆ అంకె మారితే తీగలు, తేమ చూడాలి. అంకె మారకపోయినా, ఖాళీ సెల్ సున్నా మొదట రాసుకున్న విలువ నుంచి రేటింగులో పది శాతం దాకా జరిగి ఉంటే, ఆ సెల్ ఎప్పుడో అతిభారానికి లోనై లోహం శాశ్వతంగా వంగిందని అర్థం. దాన్ని టేర్‌తో కప్పిపుచ్చి వాడకుండా, విప్పి, ఎర్ర చీటీ కట్టి, రిజిస్టరులో తేదీ వేసి పక్కన పెట్టాలి.