పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొంటున్నారా? ముందు ఆ చిన్న రాడ్డు సంగతి తేల్చుకోండి

పాత థార్, పాత స్కార్పియో కొనేవాళ్లను చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. రంగు చూస్తారు, సీటు కవర్లు తడుముతారు, ఏసీ వేసి చూస్తారు, ఊరి చుట్టూ ఒక తిప్పు తిప్పి అడ్వాన్సు ఇచ్చేస్తారు. లక్షలు పోస్తున్నది నాలుగు చక్రాలూ లాగుతాయన్న నమ్మకంతో. గేరు రాడ్డు పక్కనుండే చిన్న రాడ్డును కదిపితే వచ్చే ఆ లాగుడు ఒక్కటి మాత్రం ఎవరూ పరీక్షించరు.

అసలు ఆ బండికి ఫోర్ వీల్ డ్రైవ్ ఉందో లేదో ముందు చూడండి. థార్ అయినంత మాత్రాన ఉన్నట్టు కాదు. 2023 జనవరి నుంచి వెనుక చక్రాలతోనే నడిచే థార్ కూడా అమ్ముతున్నారు. స్కార్పియోల్లో ఎక్కువ భాగం అలాంటివే.

కాగితాలు, సామాను

ఆర్సీలోని చాసిస్ నంబరు బండి మీది నంబరుతో అక్షరం అక్షరం సరిపోవాలి. అప్పు తీరిపోతే బ్యాంకు ఇచ్చే ఫారం 35, పేరు మార్పిడికి 29, 30 ఫారాలు, వేరే రాష్ట్రం బండి అయితే నిరభ్యంతర పత్రం ఉండాలి. పదిహేనేళ్లు దగ్గరపడిన బండికి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఖర్చు కూడా ధరలో లెక్కేసుకోండి. వెంట ఒక టార్చిలైటు, గోనె సంచి, తెల్ల గుడ్డ, స్క్రూడ్రైవర్, గాలి మీటరు తీసుకెళితే చాలు.

బండిని పొద్దున్నే చూడాలి. బానెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే రేపు వస్తామని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజన్ మొదటిసారి అంటుకున్నప్పుడు వచ్చే పొగ, చప్పుడు వేడెక్కాక దొరకవు.

కింద పడుకుని చూడండి

గోనె పరుచుకుని బండి కిందికి దూరండి. అక్కడ కొత్తగా నల్ల రంగు నిగనిగలాడుతుంటే సంతోషించకండి, అది తుప్పు మీద వేసిన ముసుగు కావచ్చు. సముద్రపు ఇసుకలో తిప్పిన బండి చాసిస్‌ను ఉప్పు లోపలి నుంచి తినేస్తుంది. పైకి ఏమీ తెలియదు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు పట్టింది మొద్దుగా పలుకుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు ఎన్నో బండ్లు నీళ్లలో నానాయి. మునిగిన బండిని ఎంత కడిగినా సీటు బెల్టు దాన్ని పట్టిస్తుంది. బెల్టును చివరిదాకా లాగండి. లోపల చుట్టుకుని ఉండే ఆఖరి జానెడు భాగం మీద బురద గీత కనిపిస్తే ఇక మాట్లాడేది లేదు.

ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ బలాన్ని ముందు, వెనుక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె), ముందు ఇరుసు, వెనుక ఇరుసు, మూడింటికీ నూనె పోసే బిరడాలుంటాయి. మెకానిక్‌ను అడిగి వాటిని విప్పించండి. వేలు ముంచి గుడ్డకు తుడిచి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయాయి. ఇనుప రజను గరగరా తగిలితే గేర్ల పళ్లు అరుగుతున్నాయి. విప్పనివ్వనని యజమాని అంటే ఆ బండి వద్దు.

అసలు పరీక్ష

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. రాడ్డును ఫోర్ హైలోకి, అంటే నాలుగు చక్రాలూ మామూలు వేగంతో లాగే స్థానంలోకి వేస్తారు, డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, పని చేస్తోందని తృప్తి పడతారు. దీపం వెలిగితే లోపల మీట కదిలిందని అర్థం, అంతే. ముందు చక్రాలకు బలం చేరిందని కాదు. నా మిత్రుడొకరు ఆ దీపాన్ని నమ్మే ఒక బండి కొన్నాడు. మొదటి వానాకాలంలోనే గోదావరి ఒడ్డున తడి ఇసుకలో దిగబడింది. దీపం వెలుగుతూనే ఉంది, వెనుక చక్రాలు గుంట తవ్వుకుంటున్నాయి, ముందు చక్రాలు మాత్రం కదల్లేదు. చివరికి ట్రాక్టరు తెచ్చి లాగించాం.

పరీక్షకు చోటు ముఖ్యం. తారు రోడ్డు మీద వద్దే వద్దు. ఈ బండ్లలో ఫోర్ హై వేయగానే ఇరుసులకు బలం తీసుకెళ్లే ముందు, వెనుక షాఫ్టులు రెండూ ఒకే వేగానికి కట్టుబడిపోతాయి. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే టైరు కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. తారు మీద జారదు, ఆ మెలి అంతా ట్రాన్స్‌ఫర్ కేసులోకి ఎక్కుతుంది. అలాగని మెత్తటి ఇసుకలో చేస్తే ఏ తేడా తెలియదు. గట్టి నేల మీద పలచగా కంకర పరిచినట్టున్న మైదానం కావాలి.

నాలుగు టైర్లూ ఒకే కొలతవేనా, ఒకేలా అరిగాయా, గాలి సమంగా ఉందా చూసుకోండి. రెండు కొత్తవి, రెండు పాతవి అయితే పరీక్ష ఫలితమే తప్పుతుంది. అలా నడిపిన బండిలో ట్రాన్స్‌ఫర్ కేసు ఇప్పటికే దెబ్బతిని ఉండవచ్చు కూడా.

ఇప్పుడు టూ హైలో, అంటే వెనుక చక్రాలే లాగే స్థానంలో, మొదటి గేరులో, స్టీరింగు పూర్తిగా తిప్పి, యాక్సిలరేటరు తొక్కకుండా ఒక చుట్టు తిరగండి. బండి తేలిగ్గా దొర్లుతుంది. ఆపండి. ఫోర్ హై వేసి అదే చుట్టు తిరగండి. ఈసారి స్టీరింగు బిగుసుకున్నట్టు, ఎవరో వెనుక నుంచి పట్టి ఆపుతున్నట్టు ఉండాలి. టైర్లు కంకరను గీరుకుంటూ పోతాయి. ఆ పట్టు తగిలితే ముందు ఇరుసు పనిచేస్తోంది. రెండు చుట్లకూ తేడా లేకపోతే దీపం ఏం చెప్పినా నమ్మకండి. ఒక్క చుట్టు చాలు, సరదాకు పది తిరగవద్దు.

తర్వాత ఫోర్ లో, అంటే నాలుగు చక్రాలూ తక్కువ వేగంతో, ఎక్కువ బలంతో లాగే స్థానం. బండి పూర్తిగా ఆగాలి, క్లచ్ తొక్కాలి, అప్పుడే రాడ్డు కదపాలి. దారిలో న్యూట్రల్ వస్తుంది. రాడ్డు అక్కడ ఉన్నంతసేపు బండి గేరులో ఉన్నా, ఆటోమేటిక్ అయితే పార్కింగ్‌లో ఉన్నా దొర్లిపోగలదు. అందుకే ఇది సమతలం మీదే చేయాలి, హ్యాండ్‌బ్రేకు వేసి ఉండాలి, ముందూ వెనుకా మనుషులు ఉండకూడదు. ఈ ఒక్క మాట నిర్లక్ష్యం చేయకండి.

ఫోర్ లో పడ్డాక చిన్న ఎత్తు ఎక్కించండి. బండి తనంతట తాను పాకుతూ ఎక్కాలి. ఎక్కుతూ యాక్సిలరేటరు తొక్కుతూ, వదులుతూ నాలుగైదు సార్లు చూడండి. రాడ్డు దానంతట అదే జారి న్యూట్రల్‌లోకి వస్తే లోపల పళ్లు అరిగాయి. అది పెద్ద ఖర్చు. చివరగా టూ హైకి తెచ్చి, రెండు మూడు మీటర్లు వెనక్కి నడిపి, దీపం ఆరిందో లేదో చూడండి.

బటన్లతో మారే బండ్ల కంటే రాడ్డుతో మారేవే కొనాలి. పళ్లు ఎలా కలుస్తున్నాయో రాడ్డు అరచేతికి చెబుతుంది. బటన్ వెనుక ఉండే మోటారు ఏళ్ల తరబడి వాడక బిగుసుకుపోయినా మీకు తెలిసేది బురదలోనే.

కొన్నాక

మూడు నూనెలూ ఒకసారి మార్చించేయండి, పాత యజమాని మాట మీద ఆధారపడవద్దు. మార్చేటప్పుడు నూనె పోసే బిరడా ముందు విప్పించాలి, పాత నూనె దించే కింది బిరడా తర్వాత. కిందిది ముందే విప్పేశాక పైది తుప్పు పట్టి రాకపోతే నూనె ఖాళీ అయిన బండి కదలకుండా షెడ్డులో ఉండిపోతుంది.

నెలకోసారి మట్టి దారిలో నాలుగైదు కిలోమీటర్లు ఫోర్ హైలో నడపండి. షాఫ్టు చివర్లలోని కీళ్లకు (క్రాసులకు) గ్రీజు కొట్టించడం మరవకండి. టైర్లు మార్చాల్సి వస్తే నాలుగూ ఒకేసారి మార్చండి.

2020లో వచ్చిన థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లు దాటగలదని కంపెనీ చెబుతుంది. అయినా వాగు దాటే ముందు పది నిమిషాలు ఆగి ఇరుసులను చల్లారనివ్వండి. వేడి ఇరుసు చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని బయటి నుంచి లాగుతుంది. గాలి పోవడానికి ఇరుసు మీద పెట్టిన సన్న గొట్టం మట్టితో పూడి ఉంటే సీళ్ల సందుల్లోంచి నీళ్లనే లాగుతుంది. ఆ గొట్టాన్ని నోటితో ఊది, గాలి ఆడుతోందో లేదో వానాకాలానికి ముందే చూసుకోండి. వాగు దాటిన మర్నాడు పొద్దున, బండి కదపకముందే, మూడు బిరడాలూ విప్పించి నూనె రంగు మళ్లీ చూడండి.