పాఠశాల గవర్నరుకు కానుక వస్తే: ఇంగ్లండ్‌లో వెల్లడించే విధానం

గవర్నరు అనగానే మనకు రాజ్‌భవన్ గుర్తుకొస్తుంది. ఇంగ్లండ్‌లో ఆ మాటకు మరో అర్థం ఉంది. స్థానిక కౌన్సిల్ నిర్వహణలోని పాఠశాలలకు గవర్నర్ల మండలి ఉంటుంది. పిల్లల తల్లిదండ్రులు ఎన్నుకున్నవారు, సిబ్బంది ప్రతినిధి, ప్రధానోపాధ్యాయులు, కౌన్సిల్ ప్రతిపాదించినవారు, అనుభవం చూసి మండలే ఎంచుకున్నవారు అందులో ఉంటారు. బయటి నుంచి వచ్చేవారంతా జీతం లేకుండా పనిచేస్తారు. పదవీకాలం మామూలుగా 4 ఏళ్లు. కౌన్సిల్ కింద కాక, నేరుగా ప్రభుత్వ నిధులతో ట్రస్టులు నడిపే అకాడమీలనే పాఠశాలల్లో ఈ బాధ్యత ట్రస్టీలది. అక్కడ స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులు కూడా ఈ మండళ్లలో చేరుతున్నారు. ఈ వివరమంతా ముఖ్యంగా వారి కోసమే.

మండలి చేతిలో పాఠశాల బడ్జెట్ ఉంటుంది. ప్రధానోపాధ్యాయుడి నియామకం, భోజనం సరఫరా, శుభ్రత పనులు, కంప్యూటర్ల కొనుగోలు వంటి నిర్ణయాల్లో మీ మాటకు విలువ ఉంటుంది. అందుకే మీ చేతికొచ్చే మిఠాయి పెట్టెకు కూడా లెక్క అడుగుతారు. దీన్ని అనుమానంగా తీసుకోకండి. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే మీ తరఫున మాట్లాడే కాగితం అదొక్కటే.

ముందు ఒక తికమక తీర్చుకోవాలి. రిజిస్టర్లు రెండు. మొదటిది ప్రయోజనాల రిజిస్టరు. మీ వ్యాపారాలు, ఇతర విద్యాసంస్థల్లో మీ గవర్నరు పదవులు, సిబ్బందితో గానీ తోటి గవర్నర్లతో గానీ మీకున్న బంధుత్వాలు అందులో ఉంటాయి. 2015 సెప్టెంబరు నుంచి కౌన్సిల్ పాఠశాలలు దీన్ని తమ వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి. రెండోది కానుకలు, ఆతిథ్యాల రిజిస్టరు. దీని నియమాలను పాఠశాల లేదా కౌన్సిల్ తమ ఆర్థిక విధానపత్రంలో రాసుకుంటాయి. అకాడమీ ట్రస్టుల విషయంలోనైతే, కానుకలపై ఒక విధానం, ఒక రిజిస్టరు ఉండాలని ప్రభుత్వ మార్గదర్శక గ్రంథమే చెబుతుంది. ఒకదానిలో రాసినంత మాత్రాన రెండోది రాసినట్టు కాదు.

ఏది రాయాలి? డబ్బు రూపంలో ఎంత ఇచ్చినా, గిఫ్ట్ వోచరు ఇచ్చినా తీసుకోవద్దు. వస్తువుల విషయంలో పాఠశాలలు ఒక హద్దు పెట్టుకుంటాయి. 25 పౌండ్లు, 50 పౌండ్లు వంటి అంకెలు తరచుగా కనిపిస్తాయి. మీ పాఠశాల అంకె ఎంతో విధానపత్రంలో చూసుకోండి. ఒకే సంస్థ ఏడాదిలో మూడుసార్లు చిన్న చిన్నవి పంపితే మూడూ కలిపి లెక్కించండి. కానుక మీ భార్య పేరునో పిల్లల పేరునో వచ్చినా, మీ పదవిని బట్టి వచ్చిందనిపిస్తే అది మీదే. సరఫరాదారు ఇచ్చే క్రికెట్ మ్యాచ్ టికెట్లు, హోటల్ విందు, ఉచిత ప్రయాణం ఆతిథ్యం కిందికి వస్తాయి. సమావేశంలో ఇచ్చే టీ, బిస్కట్లు రాయనక్కర్లేదు. గవర్నరు పని మీద తిరిగినందుకు పాఠశాల చెల్లించే దారి ఖర్చులు కూడా వేరే సంగతి.

మనవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. మన ఇళ్లలో ఎవరూ ఒట్టి చేతులతో రారు, ఇచ్చింది కాదనడం అమర్యాద. ఒక ఉదాహరణ చూద్దాం. మీ మిత్రుడికి క్యాటరింగ్ వ్యాపారం ఉంది. వాళ్లమ్మాయి ఓణీల వేడుకకు కుటుంబంతో వెళ్లి భోజనం చేసి వచ్చారు. అది స్నేహం, రాయనక్కర్లేదు. రెండు నెలలకు అదే మిత్రుడు మీ పాఠశాల భోజన కాంట్రాక్టుకు టెండరు వేశాడు. ఇప్పుడు ఆ స్నేహం మీ సొంత విషయంగా మిగలదు. టెండరు చర్చకు వచ్చే ముందే సంగతి చెప్పాలి. 2013 నాటి గవర్నర్ల విధివిధానాల నిబంధనల ప్రకారం, మీ ప్రయోజనానికీ మండలి ప్రయోజనానికీ పొంతన కుదరని చోట ఆ సంగతి వెల్లడించి, ఆ చర్చ నడిచినంతసేపూ గది బయటికి వెళ్లాలి. ఓటు వేయకూడదు. టెండరు వేశాక ఆ మిత్రుడు దీపావళికి పట్టుచీర పంపితే నమస్కారం పెట్టి తిప్పి పంపండి. తిప్పి పంపిన సంగతి కూడా రిజిస్టరులో రాయించండి.

తిరస్కరించినది ఎందుకు రాయాలని చాలామంది అడుగుతారు. ఎవరు ఎవరిని మంచి చేసుకోవాలని చూస్తున్నారో మండలికి తెలియాలంటే అదే దారి. మీకు వచ్చినట్టే మరో ఇద్దరు గవర్నర్లకూ వచ్చి ఉండవచ్చు. మూడు పంక్తులు పక్కపక్కన కనిపించినప్పుడే అసలు విషయం బయటపడుతుంది.

ఇక కానుకను వెల్లడించే తీరు. ఫారం క్లర్కు దగ్గర దొరుకుతుంది. ఇక్కడ క్లర్కు అంటే దస్త్రాలు మోసే గుమాస్తా కాదు. నియమాలు తెలిసి మండలికి సలహా చెప్పే వ్యక్తి. సందేహం ఏదున్నా మొదట వారినే అడగండి. ఫారంలో సాధారణంగా అడిగేవి: ఇవ్వజూపిన తేదీ, ఇచ్చినవారి పేరు, వారికి పాఠశాలతో ఉన్న సంబంధం, ఏమిచ్చారు, అంచనా విలువ, తీసుకున్నారా లేదా, చివరికి అది ఎక్కడికి చేరింది. విలువ తెలియకపోతే దుకాణంలో అలాంటిది ఎంతకు దొరుకుతుందో చూసి రాయండి. ‘చిన్న కానుక’, ‘స్వల్ప విలువ’ వంటి మాటలు పనికిరావు. నింపిన పంక్తి ఇలా ఉండాలి:

‘అక్టోబరు 14. బల్లలు, కుర్చీలు సరఫరా చేసే సంస్థ ప్రతినిధి. ప్రస్తుత కాంట్రాక్టు మార్చిలో ముగుస్తుంది. డ్రైఫ్రూట్స్ బుట్ట ఒకటి, అంచనా 40 పౌండ్లు. నేను లేనప్పుడు ఇంటి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లారు. తెరవలేదు. మండలి చైర్ (అధ్యక్షులు) అనుమతితో పాఠశాల మేళా లక్కీ డ్రాకు ఇచ్చాం.’

కాంట్రాక్టు ముగిసే నెల అందులో ఉండటం చూశారా? ఆ పంక్తికి ప్రాణం అదే. చాలామంది దాన్నే వదిలేస్తారు.

ఫారం అందాక చైర్ పరిశీలించి, ఉంచుకోవాలా, సిబ్బంది అందరికీ పంచాలా, దానమివ్వాలా, వెనక్కి పంపాలా చెబుతారు. కానుక చైర్‌కే వస్తే వైస్ చైర్ చూడటం మంచిది. గడువు మీ విధానపత్రంలో ఉంటుంది. ఎంత గడువు ఉన్నా ఆ వారంలోనే పంపేయండి. గవర్నరుగా నా మొదటి ఏడాది ఒక డైరీ, పెన్ను సెట్టు గురించి ‘తర్వాత సమావేశంలో చెబుదాంలే’ అనుకుని నెలన్నర జాప్యం చేశాను. ఈలోగా ఆ సంస్థ పేరు అజెండాలోకి వచ్చింది. వస్తువు విలువ పెద్దది కాదు, తీసుకోవడంలో తప్పు లేదు. అయినా ఆ రోజు అందరి ముందూ ఆలస్యానికి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

చట్టం సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2010 నాటి లంచాల నిరోధక చట్టం 2011 జులై 1 నుంచి అమల్లో ఉంది. నిర్ణయం తారుమారు చేయడానికి లంచం ఇచ్చినా, తీసుకున్నా గరిష్ఠంగా 10 ఏళ్ల జైలు. జీతం లేని పదవి కదా అన్న వాదన అక్కడ నిలవదు. సమాచార స్వేచ్ఛ చట్టం కింద ఈ రిజిస్టరును ఎవరైనా అడగవచ్చు. పాఠశాల తెరిచి ఉండే 20 రోజులు, లేదా 60 పనిదినాలు, ఏది ముందైతే ఆ లోపు జవాబివ్వాలి.

ఇదంతా ఇంగ్లండ్ పద్ధతి. వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో కూడా గవర్నర్లున్నారు గానీ నియమాలు వేరు. స్కాట్లాండ్‌లో తల్లిదండ్రుల కౌన్సిళ్లు ఉంటాయి.

కొత్తగా చేరినవారు మొదటి సమావేశానికి ముందే క్లర్కుకు ఉత్తరం రాసి మూడు అడగండి: కానుకల విధానపత్రం, ఖాళీ ఫారం, ప్రస్తుత సరఫరాదారుల జాబితా. మూడోది అడిగేవారు తక్కువ. గుమ్మం దగ్గర బుట్ట కనిపించిన రోజున మొదట తిరగేయాల్సింది ఆ జాబితానే.