బడి కార్యక్రమానికి ఇంటివాళ్లు రావాలంటే

"తల్లిదండ్రులందరూ విచ్చేసి కార్యక్రమాన్ని జయప్రదం చేయవలసిందిగా కోరుతున్నాం." ప్రాథమిక పాఠశాల నుంచి ఇలాంటి చీటీ వెళ్తుంది. వచ్చేది పదిహేను మంది, వాళ్లూ ప్రతిసారీ వచ్చేవాళ్లే. మిగతావాళ్లకు పిల్లల చదువు పట్టదని టీచర్లు అనుకుంటారు. చీటీ మళ్లీ చదివితే అసలు సంగతి తెలుస్తుంది. ఎన్నింటికి వదులుతారో అందులో ఉండదు. చంటిబిడ్డను వెంట తీసుకురావచ్చో లేదో ఉండదు. వచ్చినవాళ్లు ఏం చెయ్యాలో అసలే ఉండదు. పని మానుకుని రావలసిన మనిషికి ఈ మూడూ తెలియకపోతే ఇంటి దగ్గర ఆగిపోవడమే సులువు. టైమూ పనీ కచ్చితంగా చెప్పిన చోటికి జనం వస్తారు. కింద రాసినదంతా ఆ రెండింటినీ ఎలా తేల్చాలన్నదే.

ముందు క్యాలెండర్

టర్ము మొదలైన వారంలోనే ఒక్క పేజీ క్యాలెండర్ ఇళ్లకు వెళ్లాలి. తేదీ పక్కన మొదలయ్యే టైమూ, ముగిసే టైమూ రాయండి. ఆ పక్కన ఎవరు రావాలో రాయండి: పిల్లలు మాత్రమేనా, పిల్లలతో ఒక పెద్దా, పెద్దవాళ్లు మాత్రమేనా. చాలా బళ్లు ఈ చివరిది వదిలేస్తాయి, తర్వాత ఫోన్లన్నీ దానిమీదే వస్తాయి.

సాయంత్రం పూట కార్యక్రమాలు నెలకు ఒకటి మించి పెట్టకండి. అన్నీ ఒకే వారం, ఒకే వేళకు పెడితే ప్రతిసారీ రాలేనివాళ్లు కూడా ఒకరే అవుతారు. ఒకటి పొద్దున బడి మొదలయ్యే వేళకు, ఇంకొకటి సాయంత్రం, మరొకటి సెలవు రోజు ఉదయం అని మార్చి మార్చి వెయ్యండి. తేదీ వేసే ముందు దగ్గర్లోని హైస్కూలు క్యాలెండర్ కూడా చూసుకోండి, అన్నో అక్కో అక్కడ చదువుతుంటారు. తేదీ ఖాయం కాకపోతే "ఫలానా నెల రెండో వారం" అని రాయడం మేలు. ఒకసారి ప్రకటించి మార్చారంటే, సెలవు పెట్టుకున్న మనిషి రెండోసారి పెట్టడు.

ఆరు వారాల లెక్క

కార్యక్రమం రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఆరు వారాల ముందు తేదీ, గది, బాధ్యుడు ఖాయం కావాలి. బాధ్యత ఒక్కరిదే ఉండాలి. "కమిటీ చూసుకుంటుంది" అన్న పనిని ఎవరూ చూడరు. నాలుగు వారాల ముందు పనుల జాబితా, మూడు వారాల ముందు మొదటి చీటీ, వారం ముందు రెండోది, ముందురోజు సాయంత్రం రెండు వాక్యాల మెసేజ్. మొదటి చీటీ మూడు వారాలకంటే ముందు వెళ్తే మరిచిపోతారు, ఆలస్యమైతే పనిచేసే చోట సెలవు దొరకదు.

చీటీ ఇలా ఉంటే చాలు:

"ఇంట్లో పెద్దలకు. రెండో తరగతి పుస్తకాల సాయంత్రం. గురువారం సాయంత్రం 5:30 నుంచి 6:30 వరకు, లైబ్రరీ గదిలో. పిల్లలతో ఇంట్లోవాళ్లు ఎవరైనా ఒకరు రండి. చిన్నపిల్లలను వెంట తీసుకురావచ్చు, వాళ్లు ఆడుకోవడానికి పక్క గది ఉంది. మీరు చేసేది: మీ పాపతోనో బాబుతోనో కూర్చుని రెండు పుస్తకాలు చూడడం. చదవడం రాకపోయినా ఫరవాలేదు, బొమ్మల పుస్తకాలున్నాయి. ఖర్చేమీ లేదు. ఆలస్యమైనా రండి."

"తల్లిదండ్రులకు" అనకుండా "ఇంట్లో పెద్దలకు" అన్నది కావాలనే. అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలుంటారు, బాబాయి దగ్గర ఉండేవాళ్లుంటారు. "నాన్నతో ఒక పూట" లాంటి పేరు పెడితే నాన్న లేని పిల్లకు వారం రోజులు అదే బాధ. చదవలేని ఇళ్ల కోసం ఇదే చీటీని 40 సెకన్ల వాయిస్ మెసేజ్‌గా పంపండి. ఇంటి భాష వేరైతే, ఆ భాష వచ్చిన మరో పెద్ద చేత రికార్డు చేయించండి. ఎవరి పిల్లల చేతా చేయించకండి, ఇబ్బందైన సంగతులను పిల్లలు మింగేస్తారు.

చిన్న తరగతుల కాగితాలు సంచి అడుగున నలిగిపోతాయి. డైరీలో అంటించి, కింద చింపి ఇచ్చే ముక్క పెట్టండి. అందులో మూడు గడులు: వస్తాం, రాలేం, రాలేం కానీ ఇంటి దగ్గర నుంచి ఏదైనా చేస్తాం. మూడో గడి చాలా విలువైనది. రాత్రి డ్యూటీ చేసేవాళ్లు, పడకలో పెద్దవాళ్లున్న ఇళ్లు దాని ద్వారానే మీకు దొరుకుతాయి.

వాట్సాప్ వాడితే ప్రకటనల గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగు మార్చండి. లేకపోతే 80 "ఓకే"ల కింద తేదీ కనబడకుండా పోతుంది. కబుర్లకు వేరే గ్రూపు ఉండనివ్వండి.

వాలంటీర్లు: "సాయం చెయ్యండి" అనకండి

"సాయం కావాలి" అన్న పిలుపుకు చేతులు లేవవు. ఎంతసేపు, ఏ పని అన్నది తెలియక జంకుతారు. పనిని 30 నుంచి 45 నిమిషాల ముక్కలుగా కొయ్యండి: "5:00 నుంచి 5:30, బల్లలు వెయ్యడం, ఇద్దరు", "5:20 నుంచి 6:00, తలుపు దగ్గర పేర్లు రాయడం, ఇద్దరు". ఈ కాగితం తలుపు పక్కన అంటించి, ఫోటో గ్రూపులో పెట్టండి.

ఎంతమంది కావాలో ఊహించకండి, లెక్క వెయ్యండి. ఆరు బల్లలున్న పుస్తకాల సాయంత్రానికి బల్లకు ఇద్దరు చొప్పున 12, తలుపు దగ్గర 2, చిన్నపిల్లల గదిలో 2, ఖాళీగా తిరుగుతూ ఎక్కడ అవసరమైతే అక్కడికి వెళ్లేవాళ్లు 2. మొత్తం 18. ఐదుగురిలో ఒకరు ఆఖరి నిమిషంలో రాలేకపోవచ్చు అనుకుని 23 పేర్లు రాయించుకోండి. సర్దడానికి వేరే నలుగురిని పెట్టకపోతే, ఆ పని టీచర్ల మీదే పడుతుంది. అందరికంటే ముందు నుంచీ నిలబడి ఉన్నది వాళ్లే.

కొత్తవాళ్లను మొదటిసారి పాతవాళ్లతో జత కలపండి. ఎప్పుడూ వచ్చే నలుగురూ ఒక గుంపుగా నిలబడి మాట్లాడుకుంటుంటే, కొత్తగా వచ్చిన అమ్మ గోడవారన నిలబడి ఇరవై నిమిషాల్లో వెళ్లిపోతుంది. చాలా కమిటీలు జనం లేక మూతపడడం వెనుక ఈ గుంపే ఉంటుంది, వాళ్లకా సంగతి తెలియదు.

పిల్లలతో ఒంటరిగా ఉండే పని ఏ వాలంటీరుకూ ఇవ్వవద్దు. ప్రతి గదిలో ఇద్దరు పెద్దలు ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి. కార్యక్రమం అయ్యాక ఏ పిల్లను ఎవరు తీసుకెళ్లవచ్చో బడి దగ్గరున్న జాబితాతో సరిచూసి పంపండి. రద్దీలో మొదట వదిలేసేది దీన్నే.

పుస్తకాల సాయంత్రం

కుటుంబాలను కలపడానికి దీనికి మించినది లేదని మా అభిప్రాయం. స్టేజీ అక్కర్లేదు, రిహార్సల్ అక్కర్లేదు.

ఆరు బల్లలు వేసి, ఒక్కో బల్ల దగ్గర 12 నిమిషాలు, మారడానికి 3 నిమిషాలు ఇస్తే మొత్తం 90 నిమిషాలవుతుంది. ఆరేళ్ల పిల్ల అంతసేపు కూర్చోదు. అందుకే ఒక్కో ఇంటివాళ్లు నాలుగు బల్లలే ఎంచుకోవాలి, గంటలో ముగుస్తుంది. బల్లలు: బొమ్మల పుస్తకం చూసి కథ చెప్పడం, ఇద్దరూ చెరో పేజీ చదవడం, పొడుపుకథలు, సొంత పుస్తకం కుట్టడం (మూడు కాగితాలు మడిచి మధ్యలో రెండు పిన్నులు కొడితే 12 పేజీలు), పెద్దవాళ్లు తమ చిన్ననాటి కథ చెప్పడం, లైబ్రరీ నుంచి ఇంటికి తీసుకెళ్లే పుస్తకం ఎంచుకోవడం.

పుస్తకాల బల్లల దగ్గర పెద్దవాళ్లకు ఒక కిటుకు నేర్పి పంపండి. అమెరికా మనస్తత్వవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ప్రచురించిన పరిశోధన నుంచి వచ్చిన పద్ధతి ఇది. పెద్దవాళ్లు గడగడా చదివేసి పుస్తకం మూసెయ్యకుండా, పిల్ల చేత మాట్లాడించాలి. నాలుగు మెట్లు: అడగడం, విన్నది మెచ్చడమో దిద్దడమో, దానికి కాస్త కలపడం, కలిపినదాన్ని పిల్ల చేత మళ్లీ అనిపించడం.

"ఇదేంటి?"
"కుక్క."
"అవును, కుక్కే. నల్ల కుక్క, వానలో తడిసిపోయింది. నువ్వూ చెప్పు?"
"నల్ల కుక్క తడిసిపోయింది."

అంతే. మూడుసార్లు చేసి చూపిస్తే పెద్దవాళ్లకు పట్టుబడుతుంది. దీనికి అక్షరాలు రానక్కర్లేదు, ఏ భాషలోనైనా చెయ్యవచ్చు. చదువురాని తాతయ్య కూడా ఆ బల్ల దగ్గర అందరితో సమానంగా కూర్చుంటారు.

ఇక్కడ చెడేది చప్పుడు. ఒకే గదిలో ఆరు బల్లలు వేస్తే కథ చెప్పే బల్ల వినబడదు. కథ బల్లను మూలకు, పుస్తకం కుట్టే బల్లను తలుపు దగ్గరకు జరపండి, లేదా రెండు గదులు తీసుకోండి. మారే వేళకు గట్టిగా అరవకండి, గంట ఒకసారి కొట్టండి.

ప్రదర్శనలు, ఆటల రోజు

పిల్లలు స్టేజీ ఎక్కే రోజు జనానికి లోటుండదు. తమ పిల్ల అంశం అవగానే లేచిపోతారు, ఆఖరి తరగతి ఖాళీ కుర్చీల ముందు పాడుతుంది. ఒక్కో తరగతికి మొదట్లో ఒక చిన్న అంశం, చివర్లో అందరూ కలిసి పాడేది ఒకటి పెట్టండి. మొత్తం 75 నిమిషాలు దాటనివ్వకండి. అతిథుల ప్రసంగాలు ఎన్ని నిమిషాలో ముందే చెప్పండి (చెప్పినా దాటుతారు, అందుకని ఐదంటే పది లెక్క వేసుకోండి). ఫోటోలకు అనుమతి ఇవ్వని ఇళ్ల పేర్లు ఫోటో తీసేవాళ్ల చేతిలో ఉండాలి.

ఆటల రోజున పరుగు పందాలే పెట్టే అలవాటు ఉంది. 100 మంది పిల్లలు, ఒక్కో పందానికి ఐదుగురు అంటే 20 పందాలు. నిలబెట్టి, పరిగెత్తించి, ఫలితం రాయడానికి మూడు నిమిషాలు వేసుకున్నా ఒక గంట. ఆ గంటలో ఒక్కో పిల్ల పరిగెత్తేది పదిహేను సెకన్లు. మిగతాదంతా ఎండలో వరుసలో నిలబడి తోసుకోవడమే, దెబ్బలు తగిలేదీ అప్పుడే. దాని బదులు ఆరు చోట్ల ఆరు ఆటలు పెట్టి, పిల్లలను 16, 17 మంది చొప్పున ఆరు గుంపులు చెయ్యండి. ఒక్కో ఆటకు 10 నిమిషాలు, మారడానికి 2 నిమిషాలు. 72 నిమిషాల్లో అందరూ అన్నీ ఆడతారు. ఒక్కో ఆట దగ్గర ఒక టీచరు, ఇద్దరు ఇంటి పెద్దలు. నీళ్లు రెండు చోట్ల, నీడ ఒక చోట, ప్రథమ చికిత్స పెట్టె అందరికీ కనబడే చోట. ఆస్తమా ఉన్న పిల్లల ఇన్‌హేలర్లు తరగతి గదిలో కాక, ఆ పెట్టె దగ్గరే, పేర్లు రాసి ఉంచండి. తినేవి పంచితే దేనితో చేశారో రాసి ఉన్నవే పంచండి, ఒంటికి పడనివి ఉన్న పిల్లలుంటారు.

పేరెంట్స్ మీటింగ్

ఒక్కో ఇంటికి 12 నిమిషాల మాట, 3 నిమిషాల విరామం. 30 మంది పిల్లలుంటే ఏడున్నర గంటలు, కాబట్టి ఒక్క సాయంత్రంలో అవదు. రెండు సాయంత్రాలు, ఒక ఉదయం పెట్టుకోండి. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇళ్ల టైములు ముందు వెయ్యండి, పక్కపక్కనే ఉండేలా, మధ్యలో 15 నిమిషాల ఖాళీతో. మిగతా ఇళ్లు ఆ తర్వాత. ఈ వరుస తిరగబడితే జాబితా అంతా చెరిపి రాయాల్సి వస్తుంది.

టీచరు చేతిలో పిల్ల చేసిన పని రెండు కాగితాలుండాలి, ఒకటి టర్ము మొదట్లోది, ఒకటి ఇప్పటిది. మార్కులతో మొదలుపెడితే మిగతా పదకొండు నిమిషాలూ ఆ అంకె మీదే గడుస్తాయి. ముందు "ఇంట్లో ఎలా ఉంటుంది, దేని గురించి ఎక్కువ మాట్లాడుతుంది?" అని అడిగి, రెండు నిమిషాలు వినండి. చివర ఇంట్లో చెయ్యవలసిన పని ఒక్కటే చెప్పండి, ఐదు చెబితే ఒక్కటీ జరగదు. "లెక్కలు బాగా చేయించండి" అనకుండా "రోజూ పడుకునే ముందు 10 లోపు కూడికలు ఐదు నోటితో అడగండి" అనండి.

వచ్చే పెద్దలు మూడు ప్రశ్నలు రాసుకుని వస్తే మేలు: ఎవరితో ఆడుకుంటుంది, ఏ పాఠంలో ఆగిపోతోంది, ఆగినప్పుడు టీచరును అడుగుతోందా లేక ఊరుకుంటోందా.

రాలేని ఇళ్లు

జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జాయిస్ ఎప్‌స్టీన్ బడిలో కుటుంబాల పాత్రను ఆరు రకాలుగా విడదీశారు: పిల్లల పెంపకం, ఇంటికీ బడికీ మధ్య మాటలు, వాలంటీరు పని, ఇంటి దగ్గర చదువు, బడి నిర్ణయాల్లో పాలుపంచుకోవడం, చుట్టుపక్కల సమాజంతో కలిసి పనిచెయ్యడం. గేటు దాటి లోపలికి వచ్చిన తలలను మాత్రమే లెక్కపెట్టే బడి ఈ ఆరులో చాలావాటిని చూడనట్టే. మూడో గడిలో టిక్కు పెట్టిన ఇళ్లకు ఇంట్లో చేసే పని పంపండి: కత్తిరించవలసిన కార్డులు, వాయిస్ మెసేజ్‌కు అనువాదం, చిరిగిన లైబ్రరీ పుస్తకాలకు అట్టలు. తిరిగి తేవలసిన తేదీ సంచిమీదే రాయండి.

కార్యక్రమం అయిన మర్నాడు మనుషులను కాక ఇళ్లను లెక్కపెట్టండి, తరగతుల వారీగా. ఒక ఇంటి నుంచి ఐదుగురు వస్తే హాలు నిండినట్టు కనిపిస్తుంది. వరుసగా రెండుసార్లు రాని ఇంటికి టీచరు ఫోన్ చేసి ఒక్కటే అడగాలి: "మీకు ఏ రోజు, ఏ టైము అనుకూలం?" ఎందుకు రాలేదని అడగకండి. వచ్చిన జవాబులను క్యాలెండర్ వెనక రాసి ఉంచండి, వచ్చే టర్ము తేదీలు వాటిని చూసి వెయ్యండి.