మందు బదులు యంత్రమా? తేల్చుకోవడం ఎలా

ఫోనులో ఏదో పరికరం బొమ్మ చూపించి "మందు మానేసి ఇది వాడవచ్చా?" అని తల్లిదండ్రులు అడగడం నాకు అలవాటైపోయింది. పిల్లల మానసిక వైద్య విభాగంలో కౌన్సెలర్‌ని నేను. మందు రాసేది డాక్టర్లు. ఇంటికి వెళ్లాక పుట్టే సందేహాలన్నీ వచ్చేది నా దగ్గరికి. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు) ఉన్న పిల్లల విషయంలో ఈ ప్రశ్నకు ఔననో కాదనో ఒక్కమాటలో చెప్పను. ముందు కొన్ని సంగతులు కనుక్కొని రమ్మంటాను.

మొదటిది, పరికరం పేరు వదిలేసి అది ఏ రకమో తెలుసుకోండి. తల దగ్గర తీగచుట్ట పెట్టి అయస్కాంత తరంగాలు పంపేది ఒకటి. తలకు పట్టీ కట్టి అతి తక్కువ విద్యుత్తు పంపేది మరొకటి. నిద్రపోయేటప్పుడు నుదుటికి అంటించే పట్టీ మూడోది. అది ముఖంలోని ట్రైజెమినల్ నాడిని ప్రేరేపిస్తుంది. అయస్కాంత చికిత్సకు అమెరికాలో 2008లో అనుమతి వచ్చింది పెద్దవాళ్ల కుంగుబాటుకు. "కుంగుబాటుకు పనిచేసింది కాబట్టి ఏడీహెచ్‌డీకీ పనిచేస్తుంది" అని ఎవరైనా అంటే ఆ సంభాషణను అక్కడితో ముగించవచ్చు.

నుదుటి పట్టీ కథ మాత్రం కాస్త వివరంగా తెలియాలి. మందులు వాడని 7 నుంచి 12 ఏళ్ల పిల్లల కోసం దానికి 2019లో అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ప్రకటనల్లో ఈ ఒక్క వాక్యమే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ అనుమతికి ఆధారం 62 మంది పిల్లలతో నాలుగు వారాలు జరిగిన పరీక్ష అన్నది ఎవరూ చెప్పరు. తర్వాత బ్రిటన్‌లో 8 నుంచి 18 ఏళ్ల వాళ్లు 150 మందితో ఇంకా పెద్ద పరీక్ష జరిగింది. సగం మందికి అసలు పరికరం, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి పరికరం ఇచ్చి చూస్తే, లక్షణాల్లో తేడా కనబడలేదు. అందుకే, అమ్మేవాళ్లు "చాలామంది పిల్లలు మెరుగయ్యారు" అన్నప్పుడు "దేనితో పోలిస్తే?" అని అడగండి. రోజూ రాత్రి శ్రద్ధగా పట్టీ అంటించే తల్లికి, బిడ్డ కొంచెం కుదురుగా కనిపించడం సహజమే. ఆ ఆశ ఎంత, విద్యుత్తు ఎంత అన్నది తేల్చేది ఆ ఉత్తుత్తి పరికరమే.

ఇక మందు. మిథైల్‌ఫెనిడేట్ 1950ల నుంచి వాడుకలో ఉంది. పిల్లలకూ కౌమారంలో ఉన్నవాళ్లకూ మొదట దాన్నే ఎంచుకోవడం మేలని 2018లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ చెప్పింది. అయితే అది లెక్కలోకి తీసుకున్నది కొన్ని వారాల ఫలితాలనే. ఏళ్ల తరబడి వాడితే ఏమిటన్న దానికి అంత గట్టి ఆధారాలు లేవు. ఇది దాచి మందును పొగడటం నాకు నచ్చదు. ఆరేళ్లలోపు పిల్లలకైతే ముందు తల్లిదండ్రులకు శిక్షణే, మందు తర్వాత.

మందు ఇబ్బందులు కొలిచి చూసుకోదగ్గవి. అదే దాని బలం. మాత్ర మొదలుపెట్టే ముందే బరువు, ఎత్తు, రక్తపోటు, నాడి వేగం రాయించండి. ఇంట్లో చిన్న వయసులో గుండె ఆగి పోయినవాళ్లుంటే, బిడ్డ ఎప్పుడైనా స్పృహ తప్పి పడి ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి. ఉదయం తిండి పెట్టాకే మాత్ర ఇవ్వండి. మాత్ర ఆకలి తగ్గిస్తుంది కాబట్టి మధ్యాహ్నం అన్నం డబ్బా ముట్టకుండా తిరిగొచ్చినా రాత్రికి ఆకలి తిరిగి వస్తుంది. పొట్టి వ్యవధి మాత్ర దాదాపు నాలుగు గంటల్లో దిగిపోతుంది, ఆ వేళ చిరాకు, ఏడుపు ఎక్కువగా ఉండవచ్చు. ఏడీహెచ్‌డీకే వాడే మరో మందు అటోమాక్సెటిన్ అయితే ఫలితానికి వారాలు ఆగాలి.

ఒక నోటుపుస్తకం పెట్టండి. మాత్ర వేసిన వేళ, తిన్నది, నిద్రపట్టిన వేళ, ఇవి చాలు. దాంతోపాటు మార్పు కోరుకునే ఒక్క పని రాసుకోండి: "రెండోసారి చెప్పకుండా లెక్కలు మొదలుపెట్టాడా?" 'బాగున్నాడు' అని రాస్తే డాక్టర్‌కు ఏమీ తెలియదు. బిడ్డను కూడా అడగండి. "మాత్ర వేసుకుంటే నాకు నవ్వు రావడం లేదు" అని ఒక అమ్మాయి నాతో చెప్పింది. మార్కులు పెరిగాయని ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. మోతాదు తగ్గించాక నవ్వూ వచ్చింది, మార్కులూ నిలిచాయి.

ఇంత చూశాక కూడా పరికరం వాడాలనిపిస్తే, డాక్టర్ పర్యవేక్షణలోనే వాడండి. మూర్ఛ ఉన్నా, శరీరంలో పేస్‌మేకర్ వంటివి ఉన్నా ముందే చెప్పాలి. తలకు పెట్టే తీగలు ఇంట్లో సొంతంగా తయారుచేయడం వద్దే వద్దు. వాడుతున్న మందును మీ అంతట మీరు ఆపకండి. ఏడీహెచ్‌డీకి వాడే క్లోనిడిన్, గ్వాన్‌ఫసిన్ వంటి మందులను ఉన్నట్టుండి ఆపితే రక్తపోటు ఎగబాకుతుంది. మందూ పరికరమూ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. ఎన్ని వారాలు చూడాలో మొదటిరోజే తేదీ వేసుకోండి. బిడ్డ తీరు ఎలా ఉందో టీచర్‌తో వారం వారం మార్కులు వేయించండి. ఆశ ఆ మార్కుల్లో కలవకుండా, ఇంట్లో పరికరం మొదలైందన్న సంగతి మాత్రం ఆవిడకు చెప్పకండి.