చలికాలం బైక్ గ్లోవ్స్: హ్యాండిల్ పట్టుకుని చూశాకే కొనండి

చలికాలంలో తెల్లవారుజామున నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కే కుర్రాళ్లను ఏటా చూస్తుంటాను. ఒంటి మీద మంచి జాకెట్, తలకు హెల్మెట్, చేతులకు మాత్రం రోడ్డు పక్కన కొన్న ఉన్ని గ్లోవ్స్. పైకి చేరేసరికి వేళ్లు కొంకర్లు పోయి టీ గ్లాసు కూడా పట్టుకోలేరు. అవే వేళ్లతో మలుపుల్లో బ్రేక్ పట్టి వచ్చారు కదా అని తలుచుకుంటే నాకు భయం వేస్తుంది.

ముందు పైపొర చూడండి. గాలి దూరకూడదు, అంతే. ఉన్ని వెచ్చనిదే కానీ నడిచేవాళ్లకు. బైక్ మీద అల్లికలోంచి గాలి నేరుగా లోపలికి వస్తుంది. 10 డిగ్రీల చలిలో 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే చర్మానికి దాదాపు 5 డిగ్రీల్లా తగులుతుంది. తోలువి కానీ, లోపల వాటర్‌ప్రూఫ్ పొర ఉన్న గుడ్డవి కానీ తీసుకోండి. లేబుల్ మీద ఈఎన్ 13594 అని ఉండాలి. బైక్ గ్లోవ్స్‌కు అది యూరప్ ప్రమాణం. మణికట్టు దాటి జాకెట్ చేతిని కప్పేంత పొడవు ఉండాలి. పొట్టివి చలికాలానికి పనికిరావు.

ఇక సైజు. అందరూ తప్పు చేసేది ఇక్కడే.

బిగుతుగా ఉంటే వెచ్చగా ఉంటుందనుకుంటారు. అది తప్పు. వెచ్చదనాన్ని పట్టి ఉంచేది లైనింగ్‌లో నిలిచిన గాలి. బిగుతుగా ఉంటే ఆ లైనింగ్ అణిగిపోతుంది, వేళ్లకు రక్తం సరిగ్గా ఆడదు. ఎంత ఖరీదైనవైనా అరగంటలో తిమ్మిరి మొదలవుతుంది.

అలాగని వదులుగానూ కొనకండి. ఒకసారి లూజు గ్లోవ్స్‌తో ఘాట్ దిగుతుంటే, వేలి చివర మిగిలిన గుడ్డ లివర్‌కీ గ్రిప్‌కీ మధ్య నలిగి నాకు బ్రేక్ పూర్తిగా పడలేదు. ఆ జత మళ్లీ వేసుకోలేదు.

బొటనవేలు వదిలేసి అరచేతి చుట్టుకొలత టేపుతో తీసుకోండి. కానీ అది మొదటి మెట్టే. షాపులో చెయ్యి చాచి చూసుకుని సరిపోయిందనుకోవద్దు. వేళ్లు వంచగానే పైభాగం లాగి, వేలి కొసలు గ్లోవ్ చివరకు గట్టిగా తగులుతాయి. అందుకే బయట ఆపిన మీ బైక్ దగ్గరకు వెళ్లి, హ్యాండిల్ పట్టుకుని ఐదు నిమిషాలు కూర్చోండి. క్లచ్, బ్రేక్ రెండూ పదిసార్లు నొక్కండి. ఇండికేటర్ స్విచ్ బొటనవేలికి తెలియాలి. వేలి కొసన కొద్దిపాటి ఖాళీ ఉండాలి, అరచేతిలో మడత పడకూడదు. బైక్ దాకా తీసుకెళ్లనివ్వని షాపులో కొనొద్దు. ఆన్‌లైన్‌లో అసలే వద్దు.

చివరగా, చేతికి కాస్త చెమట పట్టించి గ్లోవ్ విప్పండి. లైనింగ్ వేళ్లతో పాటు బయటికి వస్తే ఆ జత పక్కన పెట్టేయండి. మంచులో తడిసిన చేతులతో దాన్ని మళ్లీ లోపలికి తోయడం మీ వల్ల కాదు.

లోపల పల్చటి ఉన్ని గ్లోవ్స్ వేసుకునే అలవాటుంటే, అవి వేసుకునే సైజు చూడండి. నూలువి వద్దు, చెమట పీల్చుకుని చల్లబడతాయి. ఛాతీ కూడా వెచ్చగా ఉంచుకోండి. ఒళ్లు చల్లబడితే శరీరం ముందు తగ్గించేది వేళ్లకు వెళ్లే రక్తాన్నే. తడిసిన తోలు గ్లోవ్స్‌ను చలిమంట దగ్గర పెట్టకండి, బిరుసెక్కి పగులుతాయి. గాలి ఆడే నీడలో ఆరనివ్వండి.