నెట్‌ఫ్లిక్స్: ప్రొఫైళ్లు ఐదున్నా స్క్రీన్లు అన్ని ఉండవు

ఒక ఖాతాలో 5 ప్రొఫైళ్లు పెట్టుకోవచ్చు. అలాగని ఐదుగురూ ఒకేసారి చూడలేరు. స్టాండర్డ్ ప్లాన్‌లో ఏకకాలంలో 2 స్క్రీన్లు, ప్రీమియంలో 4, మొబైల్, బేసిక్‌లలో ఒక్కటే. హాల్లో టీవీ వదిలేసి ఎవరో వంటింట్లోకి వెళ్లినా, ఎపిసోడ్ నడుస్తున్నంతసేపూ ఒక స్క్రీన్ పోయినట్టే. అందుకే ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలవకుండా ఆపేయండి; ఇది ప్రతి ప్రొఫైల్‌కీ విడిగా చేయాలి.

ఎవరు వాడుతున్నారో అర్థంకాకపోతే అకౌంట్ పేజీలో ‘మేనేజ్ యాక్సెస్ అండ్ డివైసెస్’ చూడండి. హోటల్ టీవీలో మరిచిపోయిన లాగిన్ కూడా అక్కడే దొరుకుతుంది, సైన్ అవుట్ కొట్టేయండి.

పిల్లలు పెద్దల ప్రొఫైల్‌లోకి దూరకుండా ప్రొఫైల్ లాక్‌లో 4 అంకెల పిన్ పెట్టండి. కొత్త ప్రొఫైల్ చేర్చడానికీ పిన్ అడిగేలా చేయకపోతే, గడుగ్గాయిలు ఇంకోటి సృష్టించుకుంటారు! పుట్టిన సంవత్సరం మాత్రం పిన్‌గా వద్దు.